తొమ్మిదో ఆయ్

రాఘవులు పాదాలు వెడల్పు. వేళ్ళు ఒకదానికొకటి ఎడంగా విచ్చుకుని ఉండేవి. బురద అలా చేసింది. కొన్న చెప్పులు ఎప్పుడూ ఇరుకే కాబట్టి కొనడం మానేశాడు.

ముమ్మిడివరం దిగువన, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల, ఉప్పుటేటి గట్టున అతని ఇల్లు. వెనకాల మడ అడవి. ఏడాదంతా మడల్లో పీతలు పట్టేవాడు. పుష్యమాసం చివర మాత్రం కొక్కెం చూరులో దోపి, వెదురు కర్ర చేతిలోకి తీసుకునేవాడు. అప్పుడతను దారి చూపే మనిషి.

ఆ నడక పాతది. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో మునిగి బయల్దేరతారు. గోదావరి పాయ ఒక్కొక్కటి సముద్రంలో కలిసే మొగ దగ్గర మునుగుతూ, ఒడ్డు వెంబడి నడిచి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరతారు. ఏడు పాయలు, పదకొండు రోజులు. చొల్లంగి వైపు వేరేవాళ్ళు దారి చూపేవారు. ముమ్మిడివరం దిగువ నుంచి అంతర్వేది దాకా రాఘవులు. అతనికి ముందు అతని తండ్రి.

దారి అనడానికి కనిపించేదేమీ ఉండదు. పోటుకి మునిగి, పాటుకి తేలే నేల. కిందటేడు నడిచిన చోట ఈ ఏడు పీకలోతు నీళ్ళుండొచ్చు. తండ్రి అతనికి నేల చూపించలేదు, నేల మీద తిరిగేవాటిని చూపించాడు. ఉల్లంకి పిట్టలు పరిగెత్తేచోట ఇసక గట్టిగా ఉంటుంది. కొంగ కదలకుండా నిలబడిందంటే అక్కడ మోకాలు లోతు లేదు. ఎర్రపీతల బొరియలున్న చోట నడవొచ్చు. బురదలో గెంతే చిన్న చేపలు ఉన్నచోట నడవకూడదు, అది మనిషిని మింగే బురద. తిల్ల చెట్టుని ముట్టుకోకూడదు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది.

మనుషుల గురించి కూడా తండ్రి చెప్పాడు. ఏరు దాటేటప్పుడు తాడు వద్దు. ఒకరు దిగబడితే తాడు పదిమందినీ లాగుతుంది. ముందు నడిచేవాడు వెనక్కి చూడకూడదు. తల తిరిగితే కాలు తిరుగుతుంది, కాలు తిరిగితే నీళ్ళ అడుగున ఉన్న గట్టి మేట తప్పుతుంది. కళ్ళు ముందుకి, చెవులు వెనక్కి. నాలుగు బారలకోసారి "వస్తున్నారాండీ?" అని అడగాలి. వెనకాల ఉన్నవాళ్ళు వరసలో ఒక్కొక్కరే "ఆయ్" అనాలి. ఎన్ని ఆయ్‌లు వినపడ్డాయో అంతమంది ఉన్నట్టు. అందుకని పలకని మనిషిని తీసుకెళ్ళకూడదు.

దారి చూపినన్నాళ్ళూ రాఘవులు మొదటివి రెండూ తప్పలేదు. చివరిది ఒక్కసారి తప్పాడు.

తొంభైయారు నవంబరు తుపానులో సముద్రం మడలు దాటి వచ్చింది. అతని తమ్ముడు భీమరాజు వేటకి వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. మరుసటి పుష్యమాసం ఆ ఒడ్డున ఎవరూ నడవలేదు. ఇసకలో కొబ్బరి మొదళ్ళు, గేదెల పుర్రెలు తేలి ఉండేవి. ఆ పైయేడు తొమ్మిదిమంది వచ్చారు.

అందరికంటే ముందు రిటైరైన మేస్టారు ఒకాయన. "నా పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావండి. అది పూర్తిగా పిలిచేలోపు పోటొచ్చేస్తుంది. మేస్టారూ అనండి, చాలు," అన్నారు. అందరికంటే వెనక పలివెల నుంచి వచ్చిన తోడికోడళ్ళు ఇద్దరు. పెద్దామె సూర్యావతి, చిన్నామె జయమ్మ. రాఘవులు పేర్లు అడిగినప్పుడు పెద్దామె పలకలేదు.

"అక్క మౌనం పట్టేరండి," అంది జయమ్మ. "అంతర్వేదిలో మునిగేదాకా మాట్లాడరు."

సూర్యావతి భర్త త్రిమూర్తులు కొబ్బరికాయల బేరానికని ఈ వైపు వచ్చి తుపానులో పోయాడు. శవం దొరకలేదు. ఏ మొగలోంచి సముద్రంలోకి పోయాడో తెలీదు కాబట్టి ఏడు మొగల్లోనూ మునుగుతానంది. చివరిసారి మాట్లాడిన మాట అదేనని జయమ్మ చెప్పింది.

"పలకనివాళ్ళని తీసుకెళ్ళకూడదండి. మా నాన్నగారి కట్టడి," అన్నాడు రాఘవులు.

"నన్ను తీసుకెళ్తున్నారు గదండీ," అన్నారు మేస్టారు. "ఆవిడ వాటా కూడా నేనే మాట్లాడేస్తాను. మా ఇంట్లో అలవాటే."

నలుగురూ నవ్వారు. సూర్యావతి సముద్రంకేసి చూస్తూ నిలబడింది.

"అక్క ఆయ్ కూడా నేనంటానండి," అంది జయమ్మ. "నా వెనకాలే ఉంటారు గదా."

రాఘవులు పెద్దామెను చూశాడు. తమ్ముడి భార్య కూడా అలాగే నిలబడేది, పొద్దున్న, సాయంత్రం, నీళ్ళకేసి.

"సరేనండి," అన్నాడు.

విదియనాడు మొదటి ఏరు. పిక్కల లోతు. రాఘవులు ముందు దిగి, నాలుగు బారలు నడిచి, అడిగాడు. మేస్టారి ఆయ్ మొదట, పెద్ద గొంతుతో. తర్వాత ఆరు. తర్వాత జయమ్మది. కాస్త ఎడం. మళ్ళీ జయమ్మ గొంతే. గట్టెక్కాక రాఘవులు ఆమె దగ్గరికి వచ్చాడు.

"చివరన ఆలస్యం ఎందుకవుతోందండి?"

"అక్కని చూసుకుని అంటున్నానండి."

"వెనక్కి చూడకండి. తల తిప్పితే కాలు తిరుగుతుంది. ముందువాళ్ళ మడమ చూడండి."

"మరి అక్క?"

"ఆవిడ మీ మడమ చూస్తారు. మడమ మీంచి కన్ను తియ్యకపోతే ఎవరూ ఎటూ పోరండి."

"ఆయ్," అంది జయమ్మ.

తదియనాడు రోజంతా ఒడ్డునే నడక. కుడివైపు సరుగుడు తోటలు. ఇసక మీద బాలబంద తీగలు, వాటి ఊదా పువ్వులు. నీటి అంచున ఉల్లంకి పిట్టలు అలతో పాటు వచ్చి, అలతో పాటు పోయేవి. ఒకచోట తడి ఇసకలో గుండ్రటి అడుగులు, గోళ్ళ గుర్తు లేకుండా. నీటిపిల్లి రాత్రి చేపలకి వచ్చి మడల్లోకి వెళ్ళిపోయిందని రాఘవులు చెప్పాడు. ఎప్పుడైనా చూశారా అని మేస్టారు అడిగారు. యాభై రెండేళ్ళలో నాలుగుసార్లు చూశానన్నాడు.

తర్వాత తాబేళ్ళు మొదలయ్యాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే కాలం. పెద్ద బోట్ల వలల్లో పడి, ఊపిరాడక చచ్చి, కొట్టుకొచ్చాయి. మేస్టారు ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశారు. కాకులు ముందుగా కళ్ళు పొడుస్తాయి. ఒక తాబేలుకి కళ్ళింకా ఉన్నాయి. సూర్యావతి దాని పక్కన కూర్చుని, రెండు చేతుల్తో ఇసక తోడి, కళ్ళ మీద కప్పింది. లేచి వరస చివరకి వచ్చి నిలబడింది.

చవితినాడు పెద్ద ఉప్పుటేరు దాటాలి. చవితి పాటు పొద్దుపొడిచే వేళకి అయిపోతుంది, ఆపైన నీరు ఎక్కడం మొదలవుతుంది. ఏటి అడుగున గవ్వల మేట ఒకటి అడ్డంగా ఉంది, బండి పట్టేంత వెడల్పు. దాని మీద నడిస్తే నడుములోతు. దానికి దిగువన మెత్తటి బురద. పౌర్ణమికి రాఘవులు ఒక్కడే వచ్చి మేటంతా కర్రతో పొడిచి చూసుకుని వెళ్ళాడు.

ఆ పొద్దున్న మంచు దట్టంగా ఉంది. అవతలి గట్టు కనపడలేదు. ఇవతలి గట్టు కూడా పది అడుగులు నడిచేసరికి కనపడలేదు. నీళ్ళు, మనుషులు నీళ్ళని తోసుకునే చప్పుడు.

"వస్తున్నారాండీ?"

తొమ్మిది ఆయ్‌లు. చివరి రెండింటికీ మధ్య కొంచెం ఎడం.

మళ్ళీ నడిచాడు. నీరు నడుముకి వచ్చింది. మేట మధ్యకి చేరి ఉంటారు.

"వస్తున్నారాండీ?"

మేస్టారిది. తర్వాత ఆరు. తర్వాత జయమ్మది, వెంటనే మళ్ళీ జయమ్మది. ఎడం లేదు.

రాఘవులు కాలు ఒక్క క్షణం ఆగింది. చెప్పిన మాట విన్నది అనుకున్నాడు. నడిచాడు.

అవతలి గట్టెక్కి తిరిగి నిలబడ్డాడు. మంచులోంచి మేస్టారు వచ్చారు. ఒక్కొక్కరే వచ్చారు. జయమ్మ వచ్చింది. గట్టెక్కి, కొంగు పిండుకుని, అప్పుడు వెనక్కి తిరిగింది.

"అక్కా," అంది. గట్టిగా కాదు, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

తర్వాత అందరూ పిలిచారు. మౌనం పట్టిన మనిషిని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. రాఘవులు మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. మేట పొడుగునా కర్రతో తడుముకుంటూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి నీరు మెడకి వచ్చింది. మేస్టారు చెయ్యి పట్టుకుని బయటకి లాగారు.

సాయంత్రం పాటులో దొరికింది. రొయ్యల చెరువుకి నీరు పెట్టడానికి ఎవరో యంత్రం తెచ్చి ఏటి పక్కన గొయ్యి తవ్వారు. పౌర్ణమినాడు ఆ గొయ్యి లేదు. మేట అంచు విరిగి దానివైపు జారిపోయింది. సూర్యావతి ఆ గొయ్యిలో నడుము దాకా బురదలో నిలబడే ఉంది. మేటకి ముప్పై బారల దూరం. అరిస్తే వినపడే దూరం. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి.

పోలీసు స్టేషన్లో హెడ్డు గారు అడిగారు.

"ముందు నడిచిందెవరు?"

"నేనండి."

"ఆవిడ ఎక్కడ తప్పిందో చూసేవా?"

"చూడలేదండి. చూడకూడదండి."

ఆయన కలం తీశారు. కాలుజారి పడి మరణం అని రాసుకున్నారు. పలివెల వాళ్ళు ట్రాక్టరు తెచ్చి తీసుకెళ్ళారు. జయమ్మ ట్రాక్టరు మీద అక్క తల దగ్గర కూర్చుంది. రాఘవులు పక్కనే నిలబడ్డాడు. ఆమె ఒక మాట అంటుందని నిలబడ్డాడు. వెనక్కి చూడొద్దని మీరే చెప్పేరు, అని. ఆ మాట తెలిసిన మనుషులు ఇద్దరే. ట్రాక్టరు కదిలింది. ఆమె అనలేదు.

తర్వాత కూడా ఎవరూ అనలేదు. నీళ్ళు తీసుకెళ్ళేయన్నారు, రాత అన్నారు. గొయ్యి తవ్వినవాళ్ళని తిట్టారు. ఎడం లేని ఆ రెండు ఆయ్‌ల గురించి అతను భార్య వీరాయమ్మకి కూడా చెప్పలేదు. పీతలు పట్టుకుంటూ బతికాడు. ఒక్కోసారి బొరియలో కొక్కెం పెట్టి, లాగకుండా, అలాగే వింటూ కూర్చునేవాడు. పీత పోయేది.

"ఎందుకు చూస్తావు దాన్ని, పలకరిస్తుందనా?" అనేది వీరాయమ్మ. "పట్టేదుంటే పట్టు. లేపోతే ఇంటికి రా."

అతను మళ్ళీ దారి చూపలేదు. చూపడానికి దారి కూడా తగ్గిపోతూ వచ్చింది. మడలు కొట్టి చెరువులు తవ్వారు. గట్ల చుట్టూ ముళ్ళతీగ కట్టారు. మూడేళ్ళకి రొయ్యకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. సగం చెరువులు వదిలేశారు. వాటిలో నీరెండి నేల ఉప్పుతో తెల్లబారింది. కొంగ కూడా దిగేది కాదు. నీటిపిల్లి అడుగులు అతనికి మళ్ళీ కనపడలేదు. జనం వ్యానుల్లో వచ్చి రెండు రోజుల్లో ఏడు పాయలూ మునిగి వెళ్ళిపోయేవారు. డ్రైవర్లు గట్టు దగ్గర ఆపి, "అంతర్వేదికి ఎటండీ?" అని అడిగేవారు. రాఘవులు తారురోడ్డు వైపు చెయ్యి చూపించేవాడు.

రెండువేల నాలుగు మాఘమాసం మొదట్లో ఒక ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. ఒకామె దిగింది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది.

"గుర్తుపట్టేరాండీ?"

"గొంతు గుర్తుపట్టేనండి," అన్నాడు రాఘవులు.

వీరాయమ్మ చాప వేసి మంచినీళ్ళు ఇచ్చింది. జయమ్మ తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"నాకు నడక మూడు మొగలే అయ్యిందండి. మిగతాది అలాగే ఉండిపోయింది."

"వ్యాన్లున్నాయి గదమ్మా," అంది వీరాయమ్మ.

"రెండేళ్ళు వ్యానులో వెళ్ళి వచ్చేనండి. ఏడింట్లోనూ మునిగేను. ఆ ఏరు దారిలో తగల్లేదు."

"అవతల దారి లేదండి," అన్నాడు రాఘవులు. "చెరువులు, ముళ్ళతీగ."

"ఏరుందా?"

"ఉంది."

"ఏరు దాటించండి చాలు. ఎల్లుండి చవితి."

వీరాయమ్మ భర్తకేసి చూసింది. "ఈయనకి యాభై ఎనిమిదమ్మా. కళ్ళు కూడా ఇదివరకట్లా లేవు."

"కళ్ళతో ఏం పనండి," అంది జయమ్మ. "వింటారు గదా."

ఆ మాటలో ఏముందో రాఘవులికి తెలియలేదు. ఆమె ముఖంలో కోపం లేదు. ఇప్పుడంటుంది అనుకుని ఎదురుచూశాడు. ఆమె అనలేదు. ఆ రెండు రోజులూ వాళ్ళింట్లోనే ఉంది. వీరాయమ్మతో పీతలు శుభ్రం చేసింది, కూర వండింది. తన ఎడమ మోకాలి నొప్పి గురించి, పలివెల వినాయక చవితి సంబరాల్లో తప్పిపోయిన ఆవు గురించి మాట్లాడింది. సూర్యావతి పేరు ఎత్తలేదు.

తదియనాడు రాఘవులు కర్ర తీసుకుని ఏటికి వెళ్ళాడు. కర్ర ఆరేళ్ళుగా చూరులోనే ఉంది, అడుగున చెద పట్టింది. అంతమేరా కోసి పారేశాడు. గొయ్యి పూడిపోయింది. మేట మాత్రం సగం వెడల్పే మిగిలింది. మడ కొమ్మలు విరిచి అంచు వెంట గుర్తులు పాతాడు. గట్టు మీద ఎర్రపీతలు కొన్ని ఉన్నాయి. అతని అడుగుకి బొరియల్లోకి పోయి, కాసేపటికి బయటకి వచ్చాయి.

చవితి పొద్దున్న మంచు పల్చగా ఉంది. ఇద్దరూ గట్టున నిలబడ్డారు. జయమ్మ కొంగు నడుముకి బిగించుకుంది.

"మడమ చూస్తూ రావాలండి," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక తల దించుకున్నాడు.

నీళ్ళలోకి దిగారు. చలి. పిక్కలు, మోకాళ్ళు, తొడలు. కర్ర గవ్వల మీద టక్కుమనేది. నాలుగు బారలు నడిచి అడిగాడు.

"వస్తున్నారాండీ?"

"ఆయ్."

ఒక్క ఆయ్. దాని తర్వాత రావలసినదాని కోసం చెవి ఎదురుచూసింది. ఇంకా నడిచాడు. నీరు నడుముకి వచ్చింది. కిందటిసారి కాలు ఆగిన చోటు ఇదే. కర్ర లేకపోయినా అది అతనికి తెలుసు.

"వస్తున్నారాండీ?"

నీళ్ళు మడ కొమ్మలకి తగిలే చప్పుడు. దూరంగా ఎక్కడో పిట్ట. వెనకాల ఏమీ లేదు. నీళ్ళని తోసుకునే చప్పుడు కూడా లేదు.

"జయమ్మగారూ, వస్తున్నారాండీ?"

పలకలేదు.

రాఘవులు తల తిప్పాడు. నలభై ఏళ్ళలో ఏటి నడుమ మొదటిసారి. కాలు తిరిగింది, గవ్వలు జారాయి. కర్ర పాతి నిలదొక్కుకున్నాడు.

ఆమె మూడు అడుగుల వెనకే ఉంది. నడుములోతు నీళ్ళలో, చేతులు పైకెత్తి పట్టుకుని. ఆమె చూపు మడమ మీద లేదు. అతని ముఖం మీద ఉంది.

"ఇంక పలకనండి," అంది. "మీరే చూసుకోండి."

నీళ్ళు వాళ్ళిద్దరి చుట్టూ పోతున్నాయి. సముద్రం వైపు పోయే నీళ్ళు. కాసేపట్లో ఆగి, ఇటు తిరుగుతాయి.

"వెనక్కి చూడొద్దని నేనే చెప్పేనండి," అన్నాడు రాఘవులు.

"ఆయ్," అంది జయమ్మ.

"మీరు రెండుసార్లు వెంటవెంటనే పలికేరు. నాకు తెలిసింది. ఆగేను కూడా. తిరగలేదు."

ఆమె ముఖం మారలేదు. ఆరేళ్ళు మోసిన దాంట్లో ఆమె వాటా ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది, అతని వాటా అతని దగ్గరే ఉంది. నీరు ఆగింది. మడ కొమ్మలకి తగిలే చప్పుడు కూడా ఆగింది.

"పోటు తిరుగుతోందండి," అన్నాడు. "మీరు ముందు నడవండి."

ఆమె అతన్ని దాటుకుని ముందుకి వెళ్ళింది. అతను ఆమె భుజాల మీదనుంచి కొమ్మల గుర్తులు చూస్తూ వెనక నడిచాడు. కుడికండి. ఇంకా కుడికి. ఇప్పుడు తిన్నగా. ఆమె పలకకుండా, చెప్పినట్టు నడిచింది. గట్టు దగ్గర బురదలో ఆమె కాలు పిక్క దాకా దిగింది. రాఘవులు చంకల కింద చేతులు వేసి పైకి ఎత్తాడు.

గట్టు మీద ఇరవై అడుగుల తర్వాత ముళ్ళతీగ. తీగకి ఒక ఇనప గేటు, గేటుకి తాళం. అవతల ఎండిపోయిన చెరువు, తెల్లగా. దాని పక్కన ఇంకా నీళ్ళున్న చెరువు ఒకటి. కాపలా ఉండే ధనరాజు తువ్వాలు తలకి చుట్టుకుని వచ్చాడు.

"ఇటు దారి లేదండి," అన్నాడు తీగ అవతలనుంచి. "తిరిగి వెళ్ళిపోండి."

"వెళ్ళలేమండి," అన్నాడు రాఘవులు. "పోటొచ్చేసింది."

ధనరాజు ఏటికేసి చూశాడు. తడిసిన చీరకేసి చూశాడు. "ఇంత పొద్దున్నే ఏంటండీ మీకిది. తాళం షెడ్డులో ఉంది, తెస్తాను. అయ్యగారు అడుగుతారు, నేను చెప్పాలి. ఎంతమంది దాటేరు?"

జయమ్మ పలకలేదు.

రాఘవులు వెనక్కి తిరిగి ఏటిని చూశాడు. మేట మీదికి నీరు ఎక్కేసింది. కొమ్మల కొసలు మాత్రం పైకి ఉన్నాయి, నీటి వాలుకి వంగి. చాలాసేపు చూశాడు.

"ఇద్దరం," అన్నాడు.